మెట్టుంది, యుమ్మా

జనవరి చలి. తెల్లారగట్ల నాలుగింటికి
గీజరు నీళ్ళు నా మణికట్టు మీద పోసి చూసుకుంటాను,
పసిబిడ్డకి పాలు చూసినట్టు.
అప్పుడు ఉమ్మ్ నాసిర్‌ని లేపుతాను.
ఆమె తన నమాజుకి, నేను నా మోకాళ్ళకి
ఒకే చీకట్లో తయారవుతాం.

షుగరు ఆమె కళ్ళు తినేసి ఆరేళ్ళు.
సాల్మియాలో ఈ మూడంతస్తుల ఇంట్లో
ఏ గది ఎక్కడుందో ఆమెకి నా మోచెయ్యే చెబుతుంది.
"దరజ్, యుమ్మా" అంటాను.
మెట్టుంది, అని.
కాలెత్తుతుంది.
నిజంగా ఉందా అని అడగదు.

కువైట్లో శుక్రవారమే మాకు ఆదివారం.
అదీ నాకు పదిహేను రోజులకోసారి.
ఒకే ఆవరణలో గోడకటు మలయాళం, గోడకిటు తమిళం,
మధ్య హాల్లో మా తెలుగు.
ఏసీలు బాగుచేసే ఆబేలన్నే మా పాస్టరు,
గోళ్ళలో వదలని గ్రీజుతోనే రొట్టె విరుస్తాడు.
సాక్ష్యాల వేళ ఒక్కొక్కరే లేస్తారు.
అకామా కొట్టించారు, స్తోత్రం.
కఫీలు పాస్‌పోర్టు తిరిగిచ్చాడు, స్తోత్రం.
పిల్లకి నర్సింగులో సీటొచ్చింది, స్తోత్రం.
నేను చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు
వంగే ఉంటాను.

మా తమ్ముడు జయానందం కోసం
పదకొండు సార్లు విన్నపాల చీటీ వేశాను.
కాకినాడ ఆసుపత్రిలో
నేను పంపిన దీనార్లు సెలైన్ సీసాలో
చుక్కచుక్కగా దిగాయి.
పన్నెండో చీటీకి కాగితం చింపుతుంటే ఫోనొచ్చింది.

నాసిర్ భార్య చెడ్డది కాదు.
"నువ్వెళితే ముసలామెని ఎవరు చూస్తారు?" అంది.
నిజమే, ఎవరు చూస్తారు?
సమాధి కార్యక్రమం ఫోన్లో చూశాను,
వంటగదిలో ఉల్లిపాయల బస్తా మీద కూచుని.
పెట్టె దించుతుంటే బొమ్మ ఆగిపోయింది.
తాడు పట్టుకున్న నాలుగు చేతులు,
సగం తెరిచిన పాస్టరుగారి నోరు,
వాటి మధ్య గిరగిరా తిరిగే చిన్న సున్నా.
మళ్ళీ బొమ్మ కదిలేసరికి
మట్టే ఉంది.

దేవుని చిత్తం సలోమక్కా, అన్నారందరూ,
ఆ చిత్తాన్ని తూచి చూసినవాళ్ళలా.
ఆ రాత్రి ప్రార్థన చెయ్యలేదు.
మర్నాడూ చెయ్యలేదు.
మూడో రాత్రి మోకాళ్ళ మీద ఒక్కటే అడిగాను:
నా చీటీలు నీకు అందాయా?
ఫ్రిజ్ గుర్రుమంది.
అంతే.

ఆ వారంలోనే, స్నానాల గదిలో,
సబ్బు నురగలోంచి ముసలామె చేతులు లేచి
నా మొహం వెతికాయి.
బుగ్గలు, ముక్కు, కళ్ళ కింద.
"మాయ్?" అంది. నీళ్ళా?
నీళ్ళే యుమ్మా, అన్నాను.
ఆమె నమ్మని అబద్ధం అదొక్కటే.
అరచెయ్యి తియ్యలేదు.
ఎందుకని అడగలేదు, ఊరుకోమనలేదు,
ఎవరి చిత్తమూ వివరించలేదు.
నీళ్ళు చల్లారేదాకా అలాగే నిలబడ్డాం,
చూపులేని ఆమె, దారి తోచని నేను.

దీన్ని సాక్ష్యమంటారో లేదో నాకు తెలీదు.
లేచి చెబితే
ఎక్కడ స్తోత్రమనాలో వాళ్ళకీ తెలీదు.
తమ్ముడు లేడు. అప్పు ఉంది.
మార్చితో నా అకామా అయిపోతుంది,
ఆ తర్వాత ఏమిటో నాసిర్ చెప్పడు.

ఒకటి మాత్రం చూశాను.
ఈ ఆరేళ్ళలో రెండుసార్లు
నా పరాకు వల్లే ఆమె మోకాలు చెక్కుకుపోయింది.
అయినా తెల్లారితే నా మోచేతి కోసం చెయ్యి చాపుతుంది.
నన్ను నమ్మా, వేరే దిక్కు లేకా?
రెండూనేమో.
నాదీ అలాంటిదేనేమో.

ప్రభువా, నువ్వు పరాకు పడ్డావని నేననను.
కానీ నా మోకాలికి దెబ్బయితే తగిలింది,
అది నీకు తెలియాలి.
చెయ్యి చాపే ఉంచాను.
మెట్టుంటే మెట్టుందని చెప్పు.
చెప్పకపోయినా
కాలెత్తుతాను, ఇంకేం చేస్తాను.

గీజరు మీద ఎర్ర దీపం ఆరింది.
నీళ్ళు కాగినట్టున్నాయి.